రేపటి ఉపాధ్యాయులు - వృత్తి స్వభావము

(శతజయంతి విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సభలలో గడిచిన నూరేండ్లను తలచుకొనడము ఆనవాయితీ. మాకు ఇచ్చిన అంశము మాత్రము రాబోయే ఏండ్లకు సంబంధించినది. ఉపాధ్యాయులు కాబోతున్న మన యౌవనస్థులలో వృత్తి స్వభావమును పెంపొందించడము ఎలా అన్నది ప్రశ్న. ఇది శిక్షణ కళాశాలల అధ్యాపకులు చూచుకోవలసిన పని గదా, సంఘ సభ్యులకు దీనితో నిమిత్తమేమి అని కొందరికి తోచవచ్చు. కాని మన సంఘములలో ఉపాధ్యాయ కుటుంబములు ఎన్ని ఉన్నవో మీకు తెలుసు. తాతగారు బడిపంతులు, తల్లి పంతులమ్మ, కుమార్తె బి.ఇడి. చదువుతున్నది. ఇలాంటి ఇండ్లు ఏ పాస్టరేటులో చూచినా ఉంటాయి. మరి కొన్ని ఇండ్లలో బడికి పోయే మొదటి తరము పిల్లలున్నారు. చెప్పేవారూ మనవారే, చెప్పించుకొనేవారూ మనవారే. కనుక ఇది మన ఇంటి సంగతి.

ముందుగా మాట అర్థము చూద్దాము. ఉపాధ్యాయునికి తాను చెప్పవలసిన విషయము తెలియాలి. దానిని పిల్లలకు అందేలాగున చెప్పే నేర్పు ఉండాలి. ఈ రెండూ ఉన్న తరువాత, తనిఖీకి ఎవరూ రాని రోజున కూడ ఆ తెలివిని, ఆ నేర్పును పిల్లల మేలు కోసము వాడే మనసు ఉండాలి. ఈ మూడవదానినే వృత్తి స్వభావము అంటున్నాము. ఇంగ్లీషులో డిస్పొజిషన్ అని వ్యవహరిస్తారు. అమెరికాకు చెందిన లిలియన్ కాట్జ్, జేమ్స్ రాత్స్ అనే విద్యావేత్తలు 1985లో ప్రకటించిన ఒక వ్యాసములో, ఉపాధ్యాయ శిక్షణకు ఇది కూడ ఒక లక్ష్యముగా ఉండాలని వాదించారు. నేర్పు ఉన్నంత మాత్రాన దానిని వాడే అలవాటు ఉన్నట్లు కాదని వారి అభిప్రాయము. మన అనుభవములో చూచుకొన్నా అంతే గదా. చదవడము వచ్చినవారందరూ పుస్తకము పట్టరు. పిల్లల మాట ఓపికగా వినడము ఎలాగో పరీక్షలో వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవారు తరగతిలోనికి వెళ్ళి ఒక్క పిల్లవాని మాటయినా పూర్తిగా విననివ్వకపోవచ్చు.

ఈ మూడవది కొరవడితే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెబుతాము. డాక్టర్ అంబేద్కర్ గారు సతారాలో బడికి పోయే రోజులలో తోటి పిల్లలతో కలిసి కూర్చోనివ్వలేదు. ఆయన కూర్చునే గోనెపట్టాను బడి ఊడ్చే మనిషి ముట్టడు. అందుచేత సాయంత్రము దానిని ఇంటికి మోసుకొనిపోయి, మరునాడు మరల తెచ్చుకొనేవారు. దాహమయితే కుళాయి తిప్పడానికి బడి జవాను రావాలి. జవాను లేకపోతే నీళ్ళు లేవు. ఈ సంగతులను ఆయన స్వయముగా వ్రాసి ఉంచారు. ఆ ఉపాధ్యాయులకు లెక్కలు రావని గాని, పాఠము చెప్పడము తెలియదని గాని ఆయన ఫిర్యాదు చేయలేదు. వారికి పాఠము వచ్చు. గోనెపట్టా చంకన పెట్టుకొని పోతున్న పిల్లవాడు మాత్రము వారి కంటికి ఆనలేదు.

ఆ గోనెపట్టా ఈనాడు చట్టరీత్యా నేరము. అయినా దాని చుట్టములు కొన్ని తరగతి గదులలో ఇంకా ఉన్నాయి. పిల్లవానిని పేరుతో పిలవకుండా ఊరి పేరుతోనో, పేట పేరుతోనో పిలవడము. గది ఊడ్చడానికి, బిందెతో నీళ్ళు తేవడానికి ఎప్పుడూ ఆ నలుగురినే పంపడము. "వీడికి చదువు ఎక్కదు" అని పదిమంది ఎదుట అనడము. గృహ దర్శనములకు వెళ్ళినప్పుడు బడి మానిన పిల్లలను ఎందుకు మానావు అని అడుగుతూ ఉంటాము. మొదట డబ్బు లేదంటారు, అమ్మకు ఒంట్లో బాగు లేదంటారు. అవి నిజమే. కొంచెము సేపు కూర్చొని మాట్లాడితే, ఒకనాడు సారు అన్న మాట ఒకటి బయటికి వస్తుంది. ఏండ్లు గడిచినా అక్షరము పొల్లుపోకుండా చెబుతారు. ఆ మాట అన్నవారికి అది ఆ సాయంత్రానికే గుర్తుండి ఉండదు.

ఉపాధ్యాయుని నమ్మకము పిల్లల చదువు మీద పనిచేస్తుందా అన్న విషయమును కూడ పరిశోధించినవారున్నారు. 1960లలో రాబర్ట్ రోజెంథాల్, లెనోర్ జేకబ్‌సన్ అనేవారు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో ఒక ప్రాథమిక పాఠశాలను ఎంచుకొన్నారు. పిల్లలలో సుమారు అయిదవ వంతు మంది పేర్లను చీట్లు తీసినట్లుగా ఏరి, వీరు ఈ సంవత్సరము చదువులో బాగా పుంజుకొంటారని ఉపాధ్యాయులకు చెప్పారు. నిజానికి ఆ పిల్లలలో ప్రత్యేకత ఏమీ లేదు. సంవత్సరాంతములో పరీక్షిస్తే ఒకటి, రెండు తరగతులలో ఆ పేర్లు గలవారు తక్కినవారికంటె ఎక్కువ ముందుకు వచ్చారు. ఇది 1968లో పుస్తకముగా వచ్చినది. ఫలితము చెప్పినంత పెద్దది కాదని, పై తరగతులలో అంతగా కనబడలేదని తరువాత చాలమంది విమర్శించారు. ఆ విమర్శను ఒప్పుకొందాము. అయినప్పటికీ, చిన్న తరగతి పిల్లవానికి తనను గురించి పంతులమ్మ ఏమనుకొంటున్నదో తెలియకుండా ఉండదని బడిలో పనిచేసిన వారెవరినడిగినా చెబుతారు.

ఇక చట్టము మాట. 2009లో చేసిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని 17వ సెక్షను పిల్లలను కొట్టడమునే గాక మానసికముగా వేధించడమును కూడ నిషేధించినది. 24వ సెక్షను ఉపాధ్యాయుని విధులను చెప్పినది. క్రమము తప్పక వేళకు బడికి రావాలి, పాఠ్యాంశములను పూర్తి చేయాలి, ఒక్కొక్క పిల్లవాడు ఎంతవరకు నేర్చుకొన్నాడో చూచి అవసరమయిన వారికి అదనముగా చెప్పాలి, తలిదండ్రులతో సమావేశములు జరపాలి. ఇవన్నీ మంచి నియమములు. కాని చట్టము చేతిలోని బెత్తమును తీసివేయగలదు గాని నాలుక చివరి బెత్తమును అంత సులువుగా తీయలేదు. ఆ పని శిక్షణ కాలములోనే జరగాలి.

ఆ శిక్షణ ఎలా ఉన్నది? కొంచెము కఠినముగా మాట్లాడవలసి వస్తుంది, మన్నించాలి. సుప్రీం కోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ సంఘము 2012లో ఉపాధ్యాయ విద్యను గురించి నివేదిక ఇచ్చినది. దేశములో విడిగా నడిచే ఉపాధ్యాయ విద్యా సంస్థలు 10,000కు పైగా ఉండగా, వాటిలో ఎక్కువ భాగము శిక్షణ ఇచ్చే ప్రయత్నమయినా చేయకుండా పట్టాలను వెల కట్టి అమ్ముతున్నాయని ఆ సంఘము చెప్పినట్లు 2020 జాతీయ విద్యా విధానము పేర్కొన్నది. అమ్మేవారు ఉన్నారంటే కొనేవారు ఉన్నట్లే గదా. కాలేజీకి పోనక్కరలేదు, హాజరు వారే వేసుకొంటారు, పరీక్షకు వెళితే చాలునని సంతోషముగా చెప్పే తలిదండ్రులు మన సంఘములలో కూడ ఉన్నారు. రికార్డులు డబ్బిచ్చి వ్రాయించుకొంటారు. చార్టులు బజారులో కొంటారు. అబద్ధపు హాజరుతో ఉపాధ్యాయురాలయిన అమ్మాయి రేపు పిల్లల హాజరు పట్టీ చేతికి తీసుకొంటుంది. మొదటి రోజునుండి ఆమెకు మనము నేర్పినది ఏమిటి?

సరే, స్వభావము ఎలా అలవడుతుంది? మేము వేదాంత కళాశాలలో చదివిన కాలపు అనుభవము ఇక్కడ కొంత పనికివస్తుంది. అక్కడ సిద్ధాంతములు, భాషలు, సంఘ చరిత్ర తరగతిలో చెప్పారు. అయితే చావు జరిగిన ఇంటిలో ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు మాట్లాడకుండా ఊరకుండాలి అన్నది ఏ పాఠములోను లేదు. వారము చివర మమ్మును గ్రామ సంఘములకు పంపేవారు. అక్కడి పెద్ద అయ్యగారి వెంట ఇంటింటికి తిరిగి చూచి తెలుసుకొన్నాము. తిరిగి వచ్చిన తరువాత మా గురువులు ఏమి చేశారు అని అడిగేవారు, ఎందుకు చేశారు అని కూడ అడిగేవారు. ఉపాధ్యాయ శిక్షణలో కూడ స్వభావమును పెంచే దారి ఇంచుమించు ఇదే. చూడాలి, చేయాలి, చేసినదానిని ఒక పెద్ద తోడుగా కూర్చొని తిరిగి పరిశీలించాలి. ఇది ఒక్క రోజులో అయ్యేది కాదు.

మొదటిది, చూచి నేర్చుకొనడము. ఛాత్రోపాధ్యాయులు తమ అధ్యాపకులు తమతో ఎలా ప్రవర్తిస్తారో దానినే తరగతికి తీసుకొనిపోతారు. పిల్లలను అవమానించరాదని బోధిస్తూ, పాఠ్యపథకము తెలేదని ఒక విద్యార్థినిని అందరి ఎదుట చులకన చేసిన అధ్యాపకుడు ఆ రోజున నేర్పినది రెండవ పాఠమునే. కనుక కళాశాలలో అధ్యాపకుడు వేళకు రావడము, విద్యార్థుల పేర్లు తెలుసుకొని పిలవడము, తనకు తెలియని ప్రశ్న వస్తే రేపు చూచి చెబుతానని చెప్పి మరునాడు నిజముగా చెప్పడము, ఇవన్నీ పాఠములే.

రెండవది, ఒక్క పిల్లవానిని దగ్గరగా చూడడము. శిక్షణలో వ్యక్తి అధ్యయనము అనే పని ఒకటి ఉంటుంది. చాలమంది పాత రికార్డులో చూచి ఎత్తి వ్రాస్తారు. దానినే నిజముగా చేయిస్తే ఎంత మార్పు వస్తుందో చూడండి. తరగతిలో అందరికంటె వెనుకబడినట్లు కనిపించే పిల్లవానిని ఒకనిని ఎంచుకొని నెల రోజులు గమనించాలి. వాడు ఏ పూట తిని వస్తున్నాడు, ఇంటిలో ఏ భాష మాట్లాడతారు, బల్ల మీది అక్షరములు వాని కంటికి కనబడుతున్నాయా, ఏ ఆటలో వాడు ముందుంటాడు, ఏ మాటకు వాని ముఖము వికసిస్తుంది? నెల తిరిగేసరికి "వీడికి చదువు రాదు" అన్న వాక్యము ఆ ఛాత్రోపాధ్యాయురాలి నోట రాదు. "వీడికి కళ్ళద్దములు కావాలి" అనో, "వీడికి కూడికలు వచ్చు, చదివి అర్థము చేసుకొనడము రాదు" అనో అంటుంది.

మూడవది, తన పనిని తానే లెక్క వేసుకొనడము. దీనికి చిన్న ఉపాయము ఉన్నది. ఒకరు పాఠము చెబుతూ ఉంటే మరొకరు వెనుక కూర్చొని ఒక కాగితము మీద పిల్లలు కూర్చున్న వరుసలను గీసుకోవాలి. ఏ పిల్లవానికి ప్రశ్న వేస్తే ఆ గడిలో ఒక గీత పెట్టాలి. మెచ్చుకొంటే ఒక చుక్క, కసిరితే ఒక కొక్కెము గుర్తు పెట్టాలి. పాఠము అయిన తరువాత కాగితము చూస్తే, ముందు బల్లల మీద గీతలు గుంపుగా ఉండి, గోడ వారనున్న నలుగురి గడులు ఖాళీగా ఉండవచ్చు. కొక్కెములన్నీ ఒకే మూల చేరి ఉండవచ్చు. ఎవరూ తిట్టనక్కరలేదు. ఆ కాగితము చాలును. పర్యవేక్షకులు "నల్లబల్ల పని బాగున్నది, స్వరము పెంచాలి" అని వ్రాసి సంతకము పెట్టేకంటె, ఈ కాగితము ముందు పెట్టుకొని పది నిమిషములు మాట్లాడితే ఎక్కువ ఉపకారము.

నాలుగవది, తగినంత కాలము. 2014 నిబంధనల ప్రకారము బి.ఇడి. చదువు రెండేండ్లయినది, బడిలో గడపవలసిన కాలము 20 వారములుగా నిర్ణయించారు. ఇది మంచి మార్పు. నలభై పాఠములు చెప్పి సంతకములు పెట్టించుకొని పోవడానికి కాక, ఒక బడిలో కుదురుకొని పిల్లలతో పరిచయము పెంచుకొనడానికి వీలు కలిగినది. అయితే ఆ 20 వారములు ఎక్కడ, ఎవరి చేతి క్రింద గడుస్తాయన్నదే ముఖ్యము. పంతులు సెలవు పెట్టిన తరగతులకు కాపలా కూర్చోబెట్టితే వారములు గడుస్తాయి, స్వభావము పెరగదు.

ఇలాంటి స్వభావము ఉన్న ఉపాధ్యాయుడు ఎలా ఉంటాడని ఎవరయినా అడిగితే, గిడుగు రామమూర్తి పంతులుగారిని చూపిస్తాము. ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా అందరము ఎరుగుదుము. ఆయన వృత్తిచేత బడిపంతులు. పర్లాకిమిడిలో పనిచేస్తూ ఉండగా కొండల మీది సవర వారిని చూచారు. వారికి చదువు చెప్పాలంటే ముందు తాను వారి భాష నేర్చుకోవాలని గ్రహించారు. పుస్తకములు లేని ఆ భాషను వారి నోటనే విని నేర్చుకొన్నారు. వారి పిల్లలకు వాచకములు వ్రాశారు. స్వంత డబ్బుతో బడులు పెట్టారు. అడవులలో తిరిగి మలేరియా బారినపడి, క్వినైను వాడకముచేత చెవుడు వచ్చినా పని మానలేదు. పిల్లలకు మన భాష రాదు, వారు మందబుద్ధులని తేల్చి వేయడము ఆయనకు ఎంతో సులువుగా ఉండేది. పిల్లలకు పాఠము అందకపోతే చెప్పే తీరును మార్చాలని ఆయన అనుకొన్నారు. ఆయన పొందిన బిరుదులకంటె ఈ తలంపే గొప్పదని మా అభిప్రాయము.

మన తెలుగు సంఘముల చరిత్రలో కూడ పేరు తెలియని పంతుళ్ళు ఎందరో ఉన్నారు. ఊరి బడి గుమ్మము తొక్కనివ్వని పిల్లలకు పేటలోనే పాకబడి పెట్టి, పగలు పిల్లలకు, రాత్రి కూలినుండి వచ్చిన పెద్దలకు అక్షరములు దిద్దించారు. వారి చదువు కొద్దిపాటిది. వారు ఆ పేటలోనే కాపురమున్నారు గనుక ఏ పిల్లవాడు ఎందుకు రాలేదో వారికి తెలిసేది. ఈనాటి శిక్షణ వారికి లేనిది మనకు ఇచ్చినది. వారికి ఉన్నదానిని మనము పోగొట్టుకోకూడదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయాలి. స్వభావము పేరుతో మనుష్యుల అభిప్రాయములను, మతమును, కులమును తూచరాదు. అమెరికాలో ఉపాధ్యాయ విద్యా సంస్థలకు గుర్తింపు ఇచ్చే జాతీయ మండలి తన నిర్వచనములలో సామాజిక న్యాయము అన్న మాటను ఉదాహరణగా చేర్చగా, విద్యార్థుల రాజకీయాభిప్రాయములను పరీక్షిస్తున్నారని వివాదము లేచి, 2006లో ఆ మాటను వదులుకోవలసి వచ్చినది. కనుక మనము చూడవలసినది చేతలను: వేళకు వచ్చాడా, సిద్ధపడి వచ్చాడా, వెనుక వరుసవానిని ప్రశ్న అడిగాడా, అవమానించకుండా దిద్దాడా.

రెండవ హెచ్చరిక మన యాజమాన్యములకు. సేవా భావము అనే మాటను జీతము తగ్గించడానికి వాడరాదు. నెల జీతము నాలుగు నెలలకు ఇస్తూ, ఒక్కరి మీద మూడు తరగతులు పెట్టి, ఓపిక లేదని ఆ పంతులమ్మను నిందించడము న్యాయము కాదు. ఇంటి అద్దె ఎలా కట్టాలో తెలియని మనిషికి పిల్లవాని ప్రశ్న విసుగుగా తోస్తుంది. స్వభావము నిలవడానికి తగిన నేల ఉండాలి.

ఇక సంఘముగా మనము చేయగలిగిన పనులు. మన పిల్లలను ఉపాధ్యాయ శిక్షణకు పంపేటప్పుడు, రోజూ తరగతులు జరిగే కళాశాలనే ఎంచుకొందాము. ఫీజు కొంత ఎక్కువయితే పేద విద్యార్థికి సంఘ నిధినుండి సాయము చేద్దాము. మన బడులకు ఛాత్రోపాధ్యాయులు వచ్చినప్పుడు, మంచి ఉపాధ్యాయురాలు ఒకరిని వారికి తోడు చేసి, ఆమెకు ఆ పనికి వారమునకు రెండు గంటల తీరిక ఇద్దాము. ఆదివారపు బడిలో, వేసవి సెలవుల బడిలో ఈ యౌవనస్థులకు పిల్లలను అప్పగిద్దాము. పాఠము అయిన వెంటనే పెద్దవారొకరు కూర్చొని వారితో మాట్లాడాలి. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారికి సన్మానము చేసి శాలువా కప్పి పంపేస్తున్నాము. వారి వద్ద ముప్పయి, ముప్పయి అయిదు ఏండ్ల అనుభవము ఉన్నది. నెలకు ఒక సాయంత్రము వారిని, ఈ పిల్లలను ఒకచోట కూర్చోబెట్టలేమా?

చివరిగా, వెనుక వరుసలలో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీలో కొందరు మరి ఏ ఉద్యోగము దొరకక ఈ చదువులోనికి వచ్చి ఉండవచ్చు. అందుకు సిగ్గుపడవద్దు. ఏ కారణముచేత వచ్చినా, వచ్చిన తరువాత పిల్లల ముఖములు చూచి ఉపాధ్యాయులయినవారు చాలమంది ఉన్నారు. మీకు ఇచ్చిన బడిలో మొదటి వారములోనే పిల్లలందరి పేర్లు నేర్చుకోండి. రేపటి పాఠమును ఈ రాత్రే చూచుకోండి. ప్రతి సాయంత్రము ఒక నోటు పుస్తకములో రెండు పంక్తులు వ్రాయండి: ఈ రోజున ఏ పిల్లవానితో నేను మాట్లాడలేదు, రేపు వానిని ఏమని పలుకరిస్తాను. ఈ రెండు పంక్తులకు మార్కులు లేవు, ఎవరూ తనిఖీ చేయరు. ఏడాది పాటు మానకుండా వ్రాస్తే, తరువాత పుస్తకము లేకపోయినా మీ మనసే ఆ ప్రశ్న అడుగుతుంది. వృత్తి స్వభావము అంటే అదే.